కుందేలు అరికాలికి బొచ్చు ఎలా వచ్చింది

నేను ఇంతకుముందు ఏదీ రాయలేదు. అయిదో తరగతితో బడి మానేశాను. ఆ తరవాత సంతకానికి తప్ప పెన్ను పట్టలేదు. కానీ మా వీధి పిల్లలు మా కుందేళ్ళ గూడు దగ్గర చేరి ఒకటే అడుగుతున్నారు. కుక్కకీ పిల్లికీ అరికాలు నున్నగా ఉంటుంది కదా, కుందేలుకి మాత్రం అరికాలికి కూడా బొచ్చెందుకు అని. మా అమ్మమ్మ చెప్పిన కథ ఒకటి నాకు తెలుసు. నలుగురి ముందు నోరు విప్పి చెప్పాలంటే సిగ్గు. అందుకని కాగితం మీద పెడుతున్నాను. చదవడం వచ్చినవాళ్ళు రానివాళ్ళకి చదివి పెట్టండి.

ఒకప్పుడు కుందేలు అరికాళ్ళు బోడిగా ఉండేవి. పసిపిల్లల బుగ్గల్లా మెత్తగా, ఎర్రెర్రగా ఉండేవి. అప్పట్లో కుందేళ్ళకు మన ఇళ్ళతో పని లేదు. పచ్చగడ్డి మీద గెంతేవి. నేలలో బొరియలు తవ్వుకుని పడుకునేవి.

నేలతల్లికి అవంటే ముద్దు. "నా మీద ఏనుగు నడుస్తుంది, ఎద్దు నడుస్తుంది. మీరు నడిస్తే మాత్రం ఎవరో నా ఒళ్ళు నిమిరినట్టుంటుంది" అనేది.

ఒక ఏడు వాన పట్టుకుంది. పట్టుకున్నది వదల్లేదు.

"ఇంక చాలు తల్లీ" అంది నేల.

"నా చేతిలో ఏముంది? మబ్బు మోయలేక దింపేస్తోంది" అంది వాన.

బొరియల నిండా నీళ్ళొచ్చాయి. నేలతల్లి కుందేళ్ళను పిలిచింది.

"బిడ్డలారా, నా కడుపులో ఇప్పుడు నీళ్ళకే చోటుంది. నేను ఆరేదాకా మనుషుల దగ్గర తలదాచుకోండి. ఒక్క మాట గుర్తు పెట్టుకోండి. అన్నం పెట్టిన ఇంటికి వంక పెట్టకూడదు" అని చెప్పి పంపింది.

తడిసి ముద్దయిన కుందేళ్ళు కొండ కింద జీలుగువలస అనే ఊరికి వచ్చాయి. ఆ ఊరివాళ్ళు మంచివాళ్ళు. ఇంటింటికీ నాలుగు గుంజలు పాతి, నడుమెత్తున వెదురు గూడు కట్టారు. వెదురును నిలువునా చీల్చి, ఆ బద్దల్ని చిటికెన వేలు పట్టేంత సందు వదిలి అడుగున పరిచారు. పెంటికలు సందుల్లోంచి కింద పడతాయి. కింద చిక్కుడు పాదు పెట్టారు. గూడు శుభ్రం, చిక్కుడికి ఎరువు.

కుందేళ్ళు ఊరికే తినలేదు. దువ్వితే ఊడిన బొచ్చంతా ఇచ్చాయి. కొండ చలికి ఆ బొచ్చుతో పసివాళ్ళకి దుప్పట్లు నేశారు. ఇద్దరికీ బాగానే కుదిరింది.

వెదురు ఒక్కటే మొదటి రోజే చెప్పింది. "నేను నేలను కాను నాయనా. నన్ను చీలిస్తే అంచు వస్తుంది. తరవాత నన్ను అనొద్దు."

ఎవరు విన్నారు? అప్పటికే అందరూ కుందేళ్ళ చెవులు చూసి మురిసిపోతున్నారు.

నిజమే మరి, అంత పెద్ద చెవులు ఆ ఊళ్ళో ఏ జంతువుకీ లేవు. చూడగా చూడగా అదొక పండగయి కూర్చుంది. చోళ్ళు, అంటే రాగులు, కోసి ఇంటికి చేర్చాక చెవుల పండగ చేసేవాళ్ళు. ప్రతి కుందేలునీ చేటలో కూర్చోబెట్టి చెవి కొలుస్తారు. చెవి కొస చేట అంచు దాటితే బొట్టు పెట్టి ఉంచుకుంటారు. అన్నిటికంటే పొడుగు చెవుల మగదానికి బంతిపూల దండ. ఊళ్ళో ఆడ కుందేళ్ళన్నిటికీ జత అదే. చెవి కొస అంచుకు అందకపోతే దాన్ని ముళ్ళకంచె అవతల వదిలేస్తారు. అవతల నక్క కాచుకుని ఉండేది. అదీ పండగ చేసుకునేది.

ఇంకో కట్టడి కూడా ఉంది. కుందేలును వెల్లకిలా తిప్పకూడదు. తిప్పితే చేను తిరగబడుతుందని ఎవరో పెద్దవాళ్ళు అన్నారట. ఎవరన్నారో, ఎందుకన్నారో ఎవరికీ తెలియదు. తిప్పేవాళ్ళు మాత్రం లేరు.

అలా ఏళ్ళు గడిచాయి. ఈతకు ఈత కుందేళ్ళ చెవులు పెరిగాయి. ఒళ్ళు పెరిగింది. ఎవరూ చూడని అరికాళ్ళు మాత్రం ఏటికేడు పలచబడ్డాయి, ఉల్లిపొర లాగా.

ఆ ఊళ్ళో చిలకమ్మ అనే ఇల్లాలు ఉండేది. పేరు చిలకమ్మే గాని పలుకు తక్కువ. ఇంటికి చుట్టాలొస్తే తలుపు వెనక నిలబడేది. నలుగురి మధ్య మాట్లాడాలంటే ఆమె మాట బయలుదేరుతుంది, గడప దాకా వస్తుంది, అక్కడే చతికిలబడుతుంది. కుందేళ్ళతో మాత్రం గలగలా మాట్లాడేది. ఇంట్లో కుందేళ్ళ పని ఆమెదే.

ఆమె అత్త తవుడమ్మ దీనికి సరిగ్గా ఎదురు. తవుడమ్మ నోరు తెరిస్తే ఊరి చివర కాకులు లేచేవి. మనసు మాత్రం వెన్న. ఊరిపెద్ద గవరయ్య తవుడమ్మకు సొంత తమ్ముడు. చేట పట్టి చెవులు కొలిచేది ఆయనే.

చిలకమ్మ దగ్గర ఒక ఆడ కుందేలు ఉండేది. దాని చెవులు రావి ఆకంత. చేట అంచు సంగతి సరే, చేటలో సగానికి కూడా రావు. దాన్ని అందరూ పొట్టిచెవి అనేవాళ్ళు. కిందటేడు పండగనాడు చిలకమ్మ దాన్ని బుట్ట కింద దాచి, బుట్ట మీద తను కూర్చుంది. ఈ ఏడు గవరయ్య ముందే కబురు పంపాడు. బుట్టలు కూడా ఎత్తి చూస్తానని.

ఆ ఏడే ఇంకో కష్టం వచ్చింది. కుందేలు పిల్లలు చచ్చిపోతున్నాయి. తల్లుల దగ్గర పాలున్నాయి. మేత మేస్తున్నాయి. కానీ మూలకి ముడుచుకుని కూర్చుంటాయి, పిల్లల దగ్గరకు లేచి పోవు. పిల్లలు ఏడ్చి ఏడ్చి చల్లబడిపోతాయి. అలా నాలుగిళ్ళలో జరిగింది. తవుడమ్మ ముద్దుగా పెంచుకున్న పెద్ద చెవుల తల్లి అయితే పొదుగులో పాలుండగానే కన్నుమూసింది.

"దిష్టే. చెవుల మీద దిష్టి" అంది తవుడమ్మ. గూటికి మిరపకాయలు కట్టింది. ఏం లాభం లేకపోయింది.

ఒక పొద్దున చిలకమ్మ చిక్కుడుకాయలు కోస్తుంటే, ఆకు మీద ఎర్రటి చుక్క కనబడింది. కుంకుమేమో అనుకుని తుడిచింది. ఇంకో ఆకు మీద ఇంకో చుక్క. తలెత్తి చూసింది. పైన గూడు.

"వెదురూ, ఏటిది?" అని అడిగింది.

"అడిగావా, ఇన్నాళ్ళకి. మీరందరూ పైనుంచి చూస్తారు. నేను కింద ఉంటాను. నాకు తెలిసింది మీకెలా తెలుస్తుంది? కింద చూడు" అంది వెదురు.

ఎలా చూడడం? కుందేలును తిప్పకూడదు కదా. చిలకమ్మ చేతిలో చిక్కుడుకాయలు పట్టుకుని ఆలోచించింది. కుందేలును వెల్లకిలా తిప్పకూడదన్నారు గాని, మనిషి తిరగకూడదని ఎవరూ అనలేదు.

అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరు. కొంగు నడుముకి దోపి, పాదు పక్కకి జరిపి, గూటి కింద వెల్లకిలా పడుకుంది.

వెదురు సందుల్లోంచి వరసగా అరికాళ్ళు కనబడ్డాయి. ఒక్కటీ బాగా లేదు. కొన్ని కమిలిపోయాయి. కొన్ని పగిలిపోయాయి. బద్ద అంచు పడినచోటల్లా గీత, గీత పక్కన పుండు.

చిలకమ్మకి ఏడుపొచ్చింది. "ఇన్నాళ్ళు ఒక్కళ్ళయినా చెప్పలేదేమర్రా?"

"అన్నం పెట్టిన ఇంటికి వంక పెడతామా?" అన్నాయి కుందేళ్ళు.

"అందుకేనా పిల్లల దగ్గరకు లేవడం లేదు?"

"లేస్తే కాళ్ళు మండుతాయి. లేవకపోతే కడుపు మండుతుంది" అంది ఒక తల్లి. తల తిప్పేసుకుంది.

చిలకమ్మ కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది. ఒక మూల నాలుగు పాదాలు వేరుగా ఉన్నాయి. వేళ్ళ సందుల్లోంచి మడమ దాకా గుబురుగా బొచ్చు. కింద పుండు లేదు, గీత లేదు. తెల్లటి దూది చెప్పులు తొడుక్కున్నట్టున్నాయి.

"ఎవరే నువ్వు?"

"నేనేనమ్మా, పొట్టిచెవిని. బొచ్చు మొలిచినప్పటి నుంచీ ఇంతే. చెవులకి రావలసింది కాళ్ళకి దిగిపోయిందని మా అమ్మ నవ్వేది."

చిలకమ్మ చాలాసేపు అలాగే పడుకుని ఆ నాలుగు పాదాలనే చూసింది. ఎల్లుండి చెవుల పండగ. ఎల్లుండి ఈ పాదాలు కంచె అవతలికి పోతాయి.

పండగ తవుడమ్మ ఇంటి వాకిట్లోనే చేసేవాళ్ళు. అందరికంటే పెద్ద గూడు వాళ్ళదే. గవరయ్య కొత్త పంచె కట్టుకుని వచ్చాడు. ముందు తోరణం అనే తన కుందేలును ఆ గూట్లో నలుగురికీ కనబడేలా నిలబెట్టాడు. మూడేళ్ళుగా దండ దానికే. రెండు చెవులూ గుమ్మానికి కట్టిన మామిడాకుల్లా వేలాడతాయి. అది ముందు కాలు ఒకటి పైకెత్తి నిలబడింది.

"చూశారా రాజసం. మూడు కాళ్ళ మీద నిలబడతాడు" అన్నాడు గవరయ్య.

"నాలుగో కాలికి ఏమయిందిరా?" అంది తవుడమ్మ.

"ఏమీ కాలేదక్కా. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు."

అందరూ నవ్వారు. తోరణం నవ్వలేదు.

కొలత మొదలయింది. ఒకదాని తరవాత ఒకటి చేటలోకి వచ్చాయి, బొట్టు పెట్టించుకుని పోయాయి. చివరికి గవరయ్య చెయ్యి చాపాడు. "కోడలా, ఆ పొట్టిదాన్ని ఇలా ఇయ్యి."

చిలకమ్మ పొట్టిచెవిని గుండెకు అదుముకుని నిలబడింది. ఇవ్వలేదు.

"కొలవనక్కర్లేదులే, కంటికే తెలుస్తోంది. చెవులపిల్లి అని పేరులోనే చెవులున్నాయి. చెవుల్లేకపోతే అది ఉత్త పిల్లి. కంచె అవతల పెట్టి రా తల్లీ" అన్నాడు గవరయ్య.

కంచె అవతల నక్క చప్పరించిన చప్పుడు వినబడింది.

చిలకమ్మ నోరు తెరిచింది. మాట బయలుదేరింది. గడప దాకా వచ్చింది. అక్కడ చతికిలబడింది. ఊరంతా ఆమెనే చూస్తోంది. చేతిలో పొట్టిచెవి గుండె టపటప కొట్టుకుంటోంది.

మాట రాకపోతే పోయింది. చిలకమ్మ పొట్టిచెవిని గూట్లో పెట్టింది. నడుముకి కొంగు దోపింది. ఊరంతా చూస్తుండగా గూటి కిందకి దూరి, వెల్లకిలా పడుకుంది.

"ఏటే ఇది? పండగ పూట కొత్త కోక మన్నయిపోదా?" అంది తవుడమ్మ.

చిలకమ్మ పక్కన నేల మీద చేత్తో తట్టింది, రమ్మన్నట్టు.

"నన్నా? ఈ వయసులోనా?" అంటూనే తవుడమ్మ మోకాళ్ళ మీద కూలబడింది, పక్కకి ఒరిగింది, దబ్బున వెల్లకిలా పడింది. పైకి చూసింది.

అప్పుడు ఒక వింత జరిగింది. తవుడమ్మ నోరు మూతపడింది. అందరూ ఎదురుచూశారు. ఆవిడ మాట్లాడలేదు. ఆ ఊళ్ళో అలాంటిది అదే మొదలు.

కొంచెం సేపటికి మెల్లిగా అంది. "ఒరే తమ్ముడూ, నువ్వూ పడుకో."

"నేనా? ఊరిపెద్దని. పంచె..."

"పంచె ఉతుక్కోవచ్చు. పడుకో."

గవరయ్య తలపాగా తీసి పక్కన పెట్టి పడుకున్నాడు. సరిగ్గా ఆయన ముఖానికి పైన, గూట్లో, తోరణం నిలబడి ఉంది. ఎత్తిన నాలుగో కాలు ఆయనకి ఇప్పుడు కనబడింది. ఎందుకు ఎత్తిందో కూడా కనబడింది.

ఆయన కళ్ళు చెమర్చాయి. "మూడేళ్ళు నీకు దండ వేశాన్రా తోరణం. మెడలో దండ చూశాను. కాలిలో పుండు చూడలేదు."

"దండ బరువు కూడా కాళ్ళే మోశాయి అయ్యా" అంది తోరణం. కోపంగా అనలేదు. ఉన్నమాట అన్నట్టు అంది.

"మరి పొట్టిదాని కాళ్ళు..." అంటూ గవరయ్య పక్కకి దొర్లాడు. ఆ దూది చెప్పుల్ని చూశాడు. పడుకునే ఉన్నాడు. "కోడలా, ఏం చెయ్యాలంటావు?"

కింద పడుకుంటే జనం కనబడరు. ఆకాశం, వెదురు, కుందేళ్ళ కాళ్ళు, అంతే. అందుకేనేమో, చిలకమ్మ మాట ఈసారి గడప దాటింది.

"విత్తనానికి చోళ్ళు ఏరుతాం కదా మామా. పొడుగు కంకి అని ఏరం. పురుగు పట్టనిది, గింజ గట్టిది చూసి ఏరుతాం. వీటినీ అలాగే ఏరదాం. ముందు కాళ్ళు చూద్దాం. తరవాత, పిల్లలకి పాలిచ్చి సాకుతుందా అని చూద్దాం. చెవులు ఎంత ఉంటే అంత."

"కాళ్ళు బాగాలేనివాటిని కంచె అవతల వదలాలా?"

"వద్దు మామా. అవి మన తప్పుకి పుట్టినవి. వాటిని మనమే సాకాలి. బద్దల మీద ఎండుగడ్డి పరుద్దాం, పుండ్లకి పసుపూ వేపనూనే రాద్దాం. వాటికి జత మాత్రం కట్టొద్దు. ఆ నొప్పి పిల్లలకి పోకూడదు."

"నాకు జత వద్దు. గడ్డి పరిస్తే చాలు" అంది తోరణం. అన్నది కదా, గడ్డి పడగానే దాని మీద నాలుగు కాళ్ళూ చాపి పడుకుని, సాయంత్రం దాకా లేవలేదు.

కంచె అవతల నక్క ఇంకా కాచుకునే ఉంది. "పండగ అయిపోయిందా?" అని అడిగింది. "నీకయిపోయింది" అంది తవుడమ్మ. ఆవిడ నోరు మళ్ళీ తెరుచుకుంది.

పని అంతటితో అయిపోలేదు. పొట్టిచెవి తొలి ఈతలో ఆరు పిల్లల్ని పెట్టింది. వాటికి బొచ్చు మొలిచాక చిలకమ్మ గడ్డి తొలగించి, గూటి కింద పడుకుని చూసింది. రెండింటికే అరికాలి బొచ్చు ఉంది. నాలుగింటికి లేదు.

"ఆరింట్లో రెండా? ఈ మాత్రానికేనా నా పంచె పాడయింది?" అన్నాడు గవరయ్య.

"కిందటేడు ఒక్కటే మామా. ఈ ఏడు మూడు" అంది చిలకమ్మ. ఆమె లెక్కలో పొట్టిచెవి కూడా ఉంది.

ఆ రెండూ పెద్దవయ్యాయి. వాటికి జత కావాలి. అన్నదమ్ములకీ అక్కచెల్లెళ్ళకీ జత కడితే పిల్లలు బలహీనంగా పుడతాయని చిలకమ్మ మేకల దగ్గర చూసింది. అందుకని కొండ దాటి పక్క ఊరికి పోవాలి. కొత్త ఊరు. కొత్త మనుషులు. అక్కడికి పోయి, ముక్కూ మొహం తెలియనివాళ్ళ గూటి కింద పడుకోవాలి. దారంతా సిగ్గుతో చచ్చిపోయింది పాపం. అయినా పోయింది. పదకొండు గూళ్ళ కింద పడుకుంది. పన్నెండో గూటి కింద కాలికి గుబురు ఉన్న మగ కుందేలు దొరికింది.

తరవాత ఈతలో ఏడింట్లో నాలుగు. ఆ తరవాత ఎనిమిదింట్లో ఏడు. ప్రతిసారీ మంచివాటిని ఏరింది. మంచివాటిలో నెమ్మదైనవాటిని, పిల్లల్ని వదలని తల్లుల్ని ఏరింది. జుట్టు నెరిసింది. నడుం పట్టేసింది. గూటి కింద పడుకోవడం మానలేదు. లేవలేకపోతే కుందేళ్ళే ముక్కుతో తట్టి లేపేవట.

ఒక ఏడు పొట్టిచెవి మునిమనవరాలి మనవరాలు ఈనింది. తొమ్మిది పిల్లలు. బొచ్చు మొలిచాక చూస్తే తొమ్మిదింటికీ దూది చెప్పులు. ఆ ఏడు ఊళ్ళో ఒక్క పిల్ల కూడా చల్లబడలేదు. తల్లులు లేచి గెంతుకుంటూ పిల్లల దగ్గరకు పోయాయి.

అప్పటికి నేలతల్లి బాగా ఆరింది. "నా బిడ్డలేరి?" అని అడిగింది.

చిలకమ్మ గూటి తలుపులు తీసింది. కొన్ని ఇక్కడే ఉంటామన్నాయి. కొన్ని దిగి పొదల్లోకి పోయాయి. నేలతల్లి కళ్ళు మూసుకుని, ఒంటి మీద ఆ పాత స్పర్శ కోసం ఎదురుచూసింది.

"ఎవరూ రాలేదేం?" అంది.

"వచ్చి చాలాసేపయిందమ్మా" అన్నాయి కుందేళ్ళు. "మా అడుగు నీకే తెలియడం లేదు. నక్కకేం తెలుస్తుంది?"

నేలతల్లి మురిసిపోయింది. జరిగినదంతా విన్నాక మాత్రం సిగ్గుపడింది. "ఆ రోజు మీకు సగం మాటే చెప్పాను. అన్నం పెట్టిన ఇంటికి వంక పెట్టొద్దన్నాను. నొప్పి చెప్పుకోవడం వంక పెట్టడం కాదని చెప్పలేదు."

చెప్పినా కుందేళ్ళకి ఆ అలవాటు పోలేదు. ఇప్పటికీ అవి నొప్పిని దాచుకుంటాయి. మనమే వంగి చూడాలి.

అప్పటినుంచే, ఇంట్లో పెరిగేదయినా పొదల్లో తిరిగేదయినా, కుందేలు అరికాలికి గుబురుగా బొచ్చు ఉంటుంది. అడుగేస్తే చప్పుడు రాదు.

ఇది రాసిన మర్నాడు పొద్దున్నే, వీధిలో ఇంకా ఎవరూ లేవకముందు, నేను మా గూటి కింద పడుకుని చూశాను. మా నల్లదాని ఎడమ కాలు కొంచెం ఎర్రగా ఉంది. అక్కడ బొచ్చు పలచబడింది. లేచి ఎండుగడ్డి తెచ్చి మందంగా పరిచాను.